గోపమ్మకు జమానతు

కిటికీ పక్కన కూసుంటనన్నది గోపమ్మవ్వ, సరే అని నేను ఇటు జరిగిన. మొయినాబాదుల బస్సెక్కిన కాడి నుంచి బయటికే చూస్తున్నది, నా దిక్కు తిరుగుతలేదు. ఒడిల ఒక బట్టసంచి, దాని మూతిని రెండు చేతులతోని పట్టుకున్నది. ఎవరన్న చూస్తె చేవెళ్ల అంగడికి పోతున్నదనుకుంటరు, లేకుంటె మనుమని పుట్టెంటికలకు పోతున్నదనుకుంటరు. కోర్టుకు పోతున్నమని ఎవరనుకుంటరు. అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు ఈమె మీద కేసు, ఇయ్యాల మొదటి వాయిదా, ఆ కేసుకు మూలం పేపర్ల నేను రాసిన వార్త. అరుణశ్రీ, చేవెళ్ల విలేకరి అని నా పేరు గూడ వేసిండ్రు, అంత పెద్దగ నా పేరు ఎన్నడూ వెయ్యలేదు, ఆ రోజు మా అన్న మిఠాయి తెచ్చిండు. తప్పు చెయ్యనోడు జైల్ల ఉన్నడని రాసిన, బయటికి రావాల్నని రాసిన, వచ్చిండు. ఆయన వచ్చిన తలుపుల నుంచే ఈ ముసలామె లోపలికి పోవాల్సొస్తదని నాకెందుకు తట్టలేదు, దినాం కోర్టుల చుట్టు తిరిగేదాన్ని, తట్టాలె గద.

బస్సు నిండ కాలేజీ పిల్లలు. వెనుక సీట్ల ఒకామె ఫోన్ల జావా కోచింగు గురించి మాట్లాడుతున్నది, అమీర్‌పేట, హాస్టలు, ఇంటర్వ్యూ. రోడ్డుకు రెండు దిక్కుల బోర్డులు, ప్లాట్లు, విల్లాలు, పచ్చగడ్డి మీద నవ్వుకుంట నిలబడ్డ మొగడు పెండ్లాం ఇద్దరు పిల్లలు, ఏ బోర్డు చూసినా ఆ నలుగురే ఉన్నట్టు. బోర్డుల నడుమ నడుమ బంతిపూల చేన్లు ఇంక మిగిలి ఉన్నయి. మా పేపరు గూడ గట్లనే అయింది, ముందు పేజీ ప్లాట్లది, ఆఖరు పేజీ ప్లాట్లది, నడుమ ఏడన్న జాగ మిగిలితె మేం రాసింది. గోపమ్మవ్వ పెదాలు కదులుతున్నయి. ఆ కదులుడు నేను ఇంతకుముందు చూసిన, కోర్టు వరండల, బోనెక్కే ముందు, నేర్పిన మాటలు లోపల్లోపల చదువుకుంటుండె. ఎర్రపిడి కత్తి, నల్లపట్టీ గడియారం, నా ఎదురుంగనే తీసిండ్రు సారూ. ఇయ్యాల ఏం చదువుకుంటున్నది, ఎవరు నేర్పిండ్రు. అడగాల్నని నోటిదాక వస్తది, అడగలేను. నిన్న జగదీశ్ వకీలు నాతోని అన్న మాట గూడ నోటిదాక వస్తది, మింగుత.

ఆ గడియారం రామలింగేశ్వరరావు అనే పెద్దాయనది. కోస్తా నుంచి కొడుకు దగ్గరికి వచ్చిండు, కొడుకు అపార్టుమెంటుల ఉండబుద్ధి గాక జన్వాడ దిక్కు వాళ్ల ఫామ్‌హౌజుల ఒక్కడే మామిడిచెట్లు చూసుకుంట ఉంటుండె. ఒకనాడు పొద్దున పాలు పోసే మనిషి పోయి చూస్తె వరండల చచ్చిపడి ఉన్నడు. కొడుకు వంశీ కృష్ణకు సాఫ్ట్‌వేర్ కంపెనీ, పెద్ద పెద్దోళ్లు తెలుసు, అందరు ఫోన్లు చేసిండ్రు. భూములు అప్పుడప్పుడే లేస్తున్న కాలం, గిసొంటి ఖూనీలైతె కొనేటోళ్లు వెనుకకు పోతరని ఇక్కడి లీడర్లకు గూడ ఫికరే. ఆ దిక్కు ఠాణాల సీఐ వారం తిరగకముందే దొంగ దొరికిండన్నడు. సాలోమోను, మోకిల అవతల ఒక పల్లె, ఆ ఫామ్‌హౌజు కాంపౌండు గోడకు రాళ్లు మోసిన కూలి, పెండ్లయి బిడ్డ పుట్టిన కొత్త. కత్తి, గడియారం ఆయన ఇంట్ల దొరికినయన్నరు. దొరికినప్పుడు చూసిన సాక్షి గోపమ్మ, ఠాణా ఎదురుంగ చాయ్ అమ్ముకునే మనిషి. ఆ సాక్ష్యం మీదనే యావజ్జీవం పడ్డది. ఆ ఇంటి మొఖం గూడ ఈమె చూడలేదు.

చాయ్ తీస్కపోతె బల్ల మీద కాయితం పెట్టి ఉంచుతుండిరి బిడ్డా, అని చెప్పింది తర్వాత, నాకు చెప్పిన రోజు. ఏలు పెట్టమంటుండిరి. పెట్టి, ఏలు చీరెకు తుడుచుకొని, గిలాసలు తీస్కొని వస్తుంటి, అంతే. దేంట్ల పెడుతున్ననో నాకేం ఎరుక. నా చాయ్ డబ్బా ఉన్నది సర్కారు జాగల, ఠాణాకు ఎదురుంగనే, కాదంటె తెల్లారి డబ్బా ఉంటదా. ఆమె పొంగుతున్న చాయ్ మీద కన్ను పెట్టి, మంట తగ్గించుకుంట చెప్పింది ఇదంత. కోర్టుల ఈమె పేరు ఒక కేసుల కాదు, దొంగసారా కేసుల విన్న, బండి దొంగతనం కేసుల విన్న, పేకాట కేసుల విన్న, మల్ల గోపమ్మేనా అని వకీళ్లు నవ్వుతుండిరి. అందరికీ ఎరుకే. జడ్జి బల్ల ముంగట నిలబడే సర్కారు వకీలుకు ఎరుకే. ఎరుకైన సంగతి రాసుడేంది అనుకునేటోళ్లు, అది గాలి లెక్క, నీళ్ల లెక్క అయిపోయింది. నేను ఆ వానకాలమంత ఆమె డబ్బా కాడ చాయ్ తాగిన, వాన కురిస్తె డబ్బా రేకు కింద నిలబడుకుంట, ఏమీ అడగకుంట. ఒకనాడు ఆమెనే మొదలుపెట్టింది. ధనమ్మ గురించి.

ధనమ్మ సాలోమోను తల్లి. కొడుకును పట్టుకపోయినప్పటి నుంచి ఠాణాకు వస్తుండె, సీఐ కాళ్లు పట్టుకుందామని, గేటు కాడనే ఆపుతుండిరి. గేటు కాడ ఆపితె ఎదురుంగ ఉన్నది గోపమ్మ డబ్బానే, ఇంక ఏడ కూసుంటది. చాయ్ తాగుకుంట ఏడుస్తుండె. కోర్టు లోపలికి పోవాల్నంటె భయం ఆమెకు, సాక్ష్యం ఎవరు చెప్పిండ్రో చూడలేదు. నా కొడుకు మీద ఎవరో చెప్పిండ్రట అక్కా, వాళ్ల నోరు పడిపోను అంటుండె. ఆ నోరు నాదే అని ఎట్ల చెప్పుదు బిడ్డా, అన్నది గోపమ్మవ్వ, ఆమె దగ్గర ఒక్క చాయ్‌కి గూడ పైస తీస్కోలే, తీస్కుంటె చెయ్యి కాలుతదనిపిచ్చేది. అట్ల ఏండ్లు. ఒక తల్లి ఏడుస్తది, ఇంకొక తల్లి చాయ్ పోస్తది. నేను ఆ రోజు ఇంటికి పోయి అన్నం తినలేదు. తెల్లారి మల్ల పోయి, అవ్వా, ఇది పేపర్ల చెప్తవా అన్న. చెప్తె ఏమైతది అన్నది. నేనేమన్న అప్పుడు. నీకేం గాదవ్వా, నేనున్న గద, అన్న. ఎంత తేలికగ అన్న. నేనెవరు, నెలకు ఇన్ని వార్తలని లెక్కగట్టి ఇచ్చే కంట్రిబ్యూటర్ని, ప్రెస్ అని స్కూటీ మీద రాసుకున్నదాన్ని, ఆ రెండక్షరాలు చూసి కానిస్టేబులు లేచి నిలబడితె నిజంగనే నేనున్ననని నమ్మినదాన్ని.

వార్త పడ్డది. సీఐ పేరు తీసేసిండ్రు డెస్కుల, ఒక అధికారి అని పెట్టిండ్రు, గోపమ్మ పేరు మాత్రం ఉంచిండ్రు, ఫోటోతోని. ఎందుకు సార్ అంటె, ఆమె ఒప్పుకున్నది గద అరుణా, ఆయన ఒప్పుకోలేదు గద, అన్నడు ఇన్‌ఛార్జి. న్యాయమే అన్నట్టు తలూపిన. ఆ వార్త పట్టుకొని హైకోర్టుల ఎవరో పెద్ద వకీలు ఉచితంగ వాదించిండు, ఠాణాల సాక్షులను ఎట్ల తయారుచేస్తరో మొత్తం బయటపడ్డది. అప్పుడే ఒక సాయంత్రం వంశీ కృష్ణ నుంచి ఫోను. కోపంగ మాట్లాడుతడనుకున్న, అరుస్తడనుకున్న. చాలా మెల్లగ మాట్లాడిండు. "మీరు రాసింది చదివానండీ. ఆ అబ్బాయి చెయ్యలేదంటే సంతోషమే. మరి మా నాన్నగారిని చంపిందెవరండీ? ఇన్నేళ్లూ నేను ఆ అబ్బాయినే తిట్టుకున్నాను." తెలియదండీ అన్న. ఎవరైనా వెతుకుతారా ఇప్పుడు, అన్నడు. దానికి గూడ తెలియదనే అన్న. ఇప్పటిదాక ఎవరూ వెతుకలేదు.

ధనమ్మ గూడ చదివించుకున్నది ఆ వార్త, ఎవరో పాస్టరుతోని. తెల్లారి ఠాణాకు కాదు, సీదా డబ్బా కాడికి వచ్చింది. నేను ఆడనే ఉన్న. గోపమ్మవ్వ లేచి నిలబడ్డది, కొడ్తదేమో, కొట్టనీ అన్నట్టు చేతులు వదిలేసి నిలబడ్డది. ధనమ్మ ఎప్పుడు కూసునే రాయి మీద కూసున్నది, చాయ్ పొయ్యమన్నది, మొత్తం తాగింది, గిలాస కడిగి పెట్టింది. "జర ముందుగాల చెప్పకపోతివా అక్కా," అన్నది, గంతే, కొంగు సర్దుకొని పోయింది. హైకోర్టు తీర్పు వచ్చేటప్పటికి ధనమ్మ లేదు. జ్వరమని దవాఖానకు తీస్కపోయిండ్రట, రెండ్రోజులు గూడ ఉండలేదు. సాలోమోను బయటికి వచ్చిన నాడు జైలు గేటు కాడ నేను ఒక్కదాన్నే, ఫోటోగ్రాఫరు రాలేదు, ఏదో విల్లాల ఓపెనింగు ఉన్నదని ఆడికి పోయిండు. ఆయన నా వెనుక ఎవరన్న వస్తున్నరా అని చూసిండు. నేనే చెప్పాల్సి వచ్చింది.

బస్సుల ఆయనను తీస్కొని వచ్చిన ఆ రోజు గూడ గిట్లనే కిటికీ పక్కన కూసున్నడు, గిట్లనే బయటికి చూసిండు. మా ఊరు దాటిందా అక్కా, అని రెండు మూడుసార్లు అడిగిండు, దాటలేదంటె నమ్మలేదు. దిగినంక గూడ తోవ గుర్తుపట్టలేదు, చేన్లున్న కాడ కమాను, కమాను కింద గేటు, గేటు కాడ నీలం బట్టల గార్డు, హిందీల ఎవరు గావాలె అని అడిగిండు. నా ఊరు అన్నడు సాలోమోను. ఆ మాటకు గార్డు పెన్ను పట్టుకొని, విల్లా నంబరు చెప్పుమన్నడు. చుట్టు తిరిగి పోవాలె అని ఎవరో చెప్తె గోడెంబడి నడిచినం. గోడ మీద చెయ్యి రాసుకుంట నడిచిండు ఆయన, రాయి ఎట్ల పేర్చిండ్రో చూసుకుంట. వకీళ్ల ఖర్చుకు ధనమ్మ ఇల్లు అమ్మేసింది, పెండ్లాం తల్లిగారింటికి పోయి మల్ల రాలేదు, బిడ్డను చూస్తనంటె మామ వద్దన్నడు. పెద్దనాయన ఇంటి అరుగు మీద దిగబెట్టి వచ్చిన. దీని మీద మంచి వార్త వస్తది అనిపిచ్చింది బస్సుల వాపసు వచ్చేటప్పుడు, వెంటనే నా మీద నాకే అసహ్యం అయింది, అయినా రాసిన.

కనకమామిడి దాటినం. కండక్టరు టికెట్లు కొట్టుకుంట వెనుకకు పోయిండు. హైకోర్టు తీర్పుల సాలోమోనును విడుదల చేస్తున్నమన్నరు, సీఐ మీద శాఖ విచారణ జరపాల్నన్నరు, అబద్ధపు సాక్ష్యం చెప్పినామె మీద కేసు పెట్టాల్నన్నరు. మూడూ న్యాయమే, చట్టంల ఉన్నదే. విడుదల ఆ వారంలనే అయింది. గోపమ్మ మీద కేసు గూడ తొందరగనే నడిచింది, సమన్లు, వాయిదా, అంతకుముందే రోడ్డు వెడల్పు అని ఆమె డబ్బా ఎత్తి పడేసిండ్రు, మొయినాబాదుల బిడ్డ ఇంటికి చేరింది. నడువనిది ఒక్క సీఐ విచారణే. ఆయన ఇప్పుడు నగరం పక్కన ఇంక పెద్ద ఠాణాల ఉన్నడు. నిన్న ఆయన తరఫు వకీలు జగదీశ్ నన్ను కోర్టు క్యాంటీన్ల పిలిచి కూసోబెట్టిండు. మంచిగనే మాట్లాడిండు. ఆమె ఒక్క మాట అంటె చాలు అక్కా, పేపరామె చెప్పమంటె పేపర్ల గట్ల చెప్పిన, కోర్టుల చెప్పిందే నిజం అని, అంతే, కేసు వీగిపోతది, ముసలామె ఇంటికి పోతది, సాలోమోను ఎట్లనో బయటనే ఉన్నడు, ఇంక ఎవరికి నష్టం. ఎవరికి నష్టమో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. సీఐ తప్పించుకుంటడు, నా మీద కేసు పడ్తది, పేపరు నన్ను తీసేస్తది, సాలోమోను మీద మల్ల పై కోర్టుకు పోరని ఏం నమ్మకం. రాత్రంత ఇటు తిప్పి అటు తిప్పి చూసిన. ఏ దిక్కు తిప్పినా ఈమె సంచి పట్టుకొని కూసున్నట్టే కనవడ్డది.

"అవ్వా," అన్న. "నిన్న జగదీశ్ వకీలు కలిసిండు."

"మా బిడ్డింటికి గూడ వచ్చిండు," అన్నది, బయటికి చూసుకుంటనే.

"ఏమన్నవు?"

"కూసో సారూ, చాయ్ తాగు అన్న."

నేను ఆమె దిక్కు జరిగిన. "ఆయన చెప్పినట్టే చెప్పవ్వా. పేపరామె చెప్పమన్నదను. నాకేం గాదు."

అప్పుడు తిరిగింది నా దిక్కు. కోపం లేదు మొఖంల, అలిసిపోయి ఉన్నది. "ఆనాడు సీఐ సారు చెప్పుమన్నది చెప్పిన. తర్వాత నువ్వడిగితె చెప్పిన. ఇప్పుడు ఆ వకీలు ఒకటి చెప్తుండు, మల్ల నువ్వు గూడ అదే చెప్తున్నవు. ఎవరి మాట వాళ్లు నా నోట్ల పెడ్తరేంది బిడ్డా. జర ఉండుండ్రి. నన్ను ఆలోచన చేస్కోనియ్యిండ్రి."

నేను ఈమెకు చేసింది ఏందో అప్పుడు తెలిసినట్టయింది, నిజం చెప్పించిన అనుకున్న ఇన్నాళ్లు, నిజమే, అయినా చెప్పించుడు చెప్పించుడే, దానికి పడే శిక్ష నాది గాదు. చేవెళ్లల దిగినం. అంగడి రోజు, టమాట బుట్టలు, ఆటోలు, కొత్తిమీర వాసన, గోపమ్మవ్వ ఆ వాసన కాడ ఒక్క నిమిషం ఆగి ఊపిరి పీల్చుకున్నది, తర్వాత నాకంటె ముందు నడిచింది.

కోర్టుల పేరు పిలిచేటప్పటికి మధ్యాహ్నం దాటింది. జగదీశ్ వెనుక బెంచి మీద కూసున్నడు, ఊకె వచ్చినట్టు. జడ్జి పడుచాయన, గొంతు నెమ్మది. నీ మీద ఈ నేరం ఉంది, ఏమంటావమ్మా అన్నడు. గోపమ్మవ్వ పెదాలు కదులలేదు ఈసారి.

"చెప్పిన సారూ. అబద్ధమే చెప్పిన. ఆ కత్తి నేను చూడలే, ఆ పిలగాని ఇల్లు ఏడున్నదో నాకెరుక లేదు."

"పేపర్లో చెప్పింది ఎవరు చెప్పమంటే చెప్పావు?"

"అది ఎవ్వరు చెప్పమనలే. ఆ పిల్ల అడిగింది, నేను చెప్పిన. అబద్ధం చెప్పమన్నది సీఐ గోవర్ధన్ సారు. చెప్పకుంటె డబ్బా తీసేస్తనన్నడు. ఆయన పేరు గూడ రాసుకోండ్రి సారూ, నా పేరు రాసుకున్నరు గద."

జడ్జి పక్కన టైపు కొట్టే ఆయన దిక్కు చూసి, రాయండి అన్నడు. మేం పేపర్ల వెయ్యలేని పేరు అది. జగదీశ్ లేచి బయటికి పోయిండు, ఫోను తీసుకుంట. నాకు సంతోషం కావాలె. రాలేదు. శిక్ష సంగతి వచ్చే వాయిదాకు చెప్తరట, అప్పటిదాక ఆస్తున్నోళ్లు ఇద్దరు జమానతు నిలబడి పూచీ ఇస్తె ఇంటికి పోవచ్చు, లేకుంటె రిమాండు. అల్లుడు రానన్నడు, ఠాణాతోని మనకెందుకన్నడట. నేను ముందుకు పోయిన, గుమస్తా నా దిక్కు చూసి ఇల్లు నీదేనా అన్నడు, కిరాయి అన్న, జీతం చిట్టీ అన్నడు, మాకు చిట్టీలుండవన్న. మా అన్నకు ఫోను చేస్తె చేను పోయినేడే లేఅవుటుకు ఇచ్చిన గద, పట్టా నా పేరు మీద ఏడున్నదన్నడు. డెస్కుకు చేసిన, సంస్థ తరఫున కుదరదన్నరు. ఎకరం ధర వింటె కండ్లు తిరిగే ఈ నేల మీద ఒక చాయ్ అమ్ముకునే ముసలామె వెనుక నిలబడేందుకు ఒక గుంట భూమి దొరుకలేదు.

వెనుక నుంచి ఎవరో, నేనుంట సారూ, అన్నరు. సాలోమోను. ఎప్పుడు వచ్చిండో, తలుపు కాడ నిలబడి ఉన్నడు, ఉతికిన అంగీ, చెప్పులు బయట విడిచిపెట్టి వచ్చిండు. గుమస్తాకు కేసు ఎరుకే, మనిషి ఎరుకే, చేతిల కాయితం పక్కకు పెట్టిండు. నీ పేరు మీద ఏమున్నది అన్నడు, మెల్లగనే. ఏం లేదు సారూ, ఇల్లుండె, అమ్మ అమ్మేసింది. మరి ఎట్ల అయితదయ్యా, అన్నడు గుమస్తా. సాలోమోను తలూపి పక్కకు జరిగిండు. సర్కారు జవాబు ఎట్లుంటదో ఆయనకు అలవాటు.

పొద్దుగూకేదాక చూసినం, ఎవరూ రాలేదు. వరండల లేడీ కానిస్టేబులు జైలు బండి కోసం ఎదురుచూస్తున్నది. గోపమ్మవ్వ మెట్టు మీద కూసున్నది, సంచి ఒడిల పెట్టుకొని. సాలోమోను వచ్చి ఆమెకు ఒక మెట్టు కింద కూసున్నడు. ఒకరి మొఖం ఒకరు చూసుకొనుడు అదే మొదలు, కోర్టు బోను కాడ తప్ప. నేను కొద్దిగ దూరంగ నిలబడ్డ, ఇది నేను వినేది గాదనిపిచ్చింది, అయినా వినవడుతున్నది. క్షమించు అంటదేమో ఆమె, క్షమించిన అంటడేమో ఆయన అనుకున్న, రాసేటోళ్ల బుద్ధి. ఆయన గొంతు తగ్గించి వేరే సంగతి చెప్తున్నడు.

"కొత్తోళ్లకు తలుపు కాడ జాగ ఇస్తరవ్వా, సలి కొడ్తది, దుప్పటి కింద గూడ ఏసుకో. పొద్దుగాల నీళ్లకు జల్ది లెవ్వు. ఎవరన్న నీ కేసేంది అంటె మొదటి రోజే మొత్తం చెప్పకు. రాత్రి గుబులైతె గోడకు ఒరిగి కూసో, పండుకుంటె ఎక్కువైతది."

ఆమె ఒక్కొక్క మాటకు ఊఁ అనుకుంట విన్నది, చిన్నపిల్ల బడికి పోయేముందు విన్నట్టు. బండి గేటుల తిరిగింది. ఆమె లేస్తుంటె ఆయన రెక్క పట్టిండు.

"లోపల చాయ్ ఇస్తరా బిడ్డా?" అన్నది.

"ఇస్తరవ్వా," అన్నడు సాలోమోను. "సల్లారి ఉంటది. గాని ఇస్తరు."